తునికిచెట్టు క్రింద రెండు కథలు

తెలుగునాట పుట్టి ఏడు చేపల కథ వినని బిడ్డ లేడు. రాజకుమారు లేడుగురు పట్టి తెచ్చిన ఏడు చేపలలో ఒక్కటి యెండకపోగా, ఆ యొక్కదానిని కారణ మడుగుటతో మొదలైన యా చిన్నకథ, గడ్డిని, ఆవును, ఆవులకాపరిని, కాపరికి అన్నము పెట్టని యవ్వను, అవ్వను కదలనీయక యేడ్చిన పసివానిని వరుసగా ప్రశ్నించుచు పోయి, తుట్టతుద కొక చీమ పుట్ట ముంగిట నిలుచును. తన యింటిలో వ్రేలు పెట్టినవానిని కుట్టక విడువనని యా యల్పప్రాణి యచ్చట నిర్భయముగ పలుకును. చేప యెండకపోవుటకు కారణము చేపలో లేదనియు, ఆకలియు, అలసటయు, ఇంటిమీది మమకారమును మనుష్యుని, పశువును, తృణమును, కీటకమును ఒక్క దారమున గ్రుచ్చుచున్నవనియు, అక్షరము రాని యవ్వలు ఈ కథతో మనకు నేర్పినారు. పర్యావరణమని యొకదానికి, సామాజికన్యాయమని యింకొకదానికి పేరుపెట్టి నేడు మనము వేఱుచేసి చూచుచున్న రెండు విషయములును ఆ కథలో విడివడక యున్నవి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణముల చుట్టును వ్యాపించిన సీమను, అనగా నిన్నటి కరీంనగరము జిల్లాయొక్క పడమటి భాగమును, మనస్సునం దుంచుకొని నేనీ వ్యాసమున ఒక్కమాట విన్నవింపదలచితిని. ఈ సీమ పెద్దలకొఱకు వ్రాసికొన్న కథాసాహిత్యము కారణమును వెదకికొనుచు చీమ పుట్టవఱకును నడచినది. పిల్లలకొఱకు మనము అచ్చొత్తించి యిచ్చుచున్న కథలలో పెక్కులు ఎండని చేపయొద్దనే యాగిపోవుచున్నవి. పెద్దల పుస్తకములలో చోటుచేసికొన్న సత్యమును, ఆ సత్యముమధ్యనే పుట్టి పెరుగుచున్న బిడ్డలకు మఱుగుపఱచుట న్యాయము కాదు.

పెద్దల సాహిత్యమునకు ఈ బలము ఊరక వచ్చినది కాదు. 1978 సెప్టెంబరు 7వ తేదీన చుట్టుప్రక్కల పల్లెలనుండి వేలకొలది రైతుకూలీలు జగిత్యాలకు నడచివచ్చి జరిపిన జైత్రయాత్ర, భూమి, కూలి, వెట్టి అను మాటలను రచ్చబండ మీదికి తెచ్చినట్లే కథలోనికిని తెచ్చినది. మంథని ప్రాంతమున పుట్టిన అల్లం రాజయ్యగారి ‘కొలిమి అంటుకున్నది’ నవల కరీంనగరపు పల్లెలలోని ఆ కాలపు రైతు పోరాటములను చిత్రించినది. ఆ యుద్యమముల మార్గమును గూర్చి యెవరి యభిప్రాయము వారు కలిగియుండవచ్చును; కాని దొర గడీకి వెలుపల నాగటిచాలులో నిలుచున్న మనుష్యునికి కథానాయకత్వ మిచ్చిన ఘనత ఆ తరము రచయితలదే యనుట నిర్వివాదాంశము.

జగిత్యాలలో 1949లో జన్మించిన బి. ఎస్. రాములుగారు చిన్ననాట స్వయముగ బీడీలు చుట్టినవారు. బీడీ కార్మికుల జీవితమును వస్తువుగ గొని వారు వ్రాసిన నవలకు ‘బతుకు’ అని పేరు పెట్టినారు. అంతకంటె పెద్ద పేరు ఆ వస్తువునకు దొరకదు. కోరుట్లలోగాని, మెట్‌పల్లిలోగాని, సిరిసిల్లలోగాని ఏ వాడకు పోయినను, అరుగుమీద కాళ్ళు చాచి కూర్చుండి, ఒడిలో చాట పెట్టికొని, తడిపి యుంచిన తునికాకును రేకుకొలతకు కత్తెరతో కత్తిరించి, చిటికెడు తంబాకు నింపి, వ్రేళ్ళకొనలతో చుట్టి, మూతి మడచి, దారము కట్టుచు, వేయి బీడీల లెక్క పూర్తియగువఱకు వంచిన మెడ యెత్తని స్త్రీలు కనబడుదురు. ఇచ్చిన ఆకు లెక్కకు చాలకపోయినచో తక్కువపడినది వారే కొనవలెను. చుట్టిన బీడీలలో కార్ఖానావారు పనికిరావని తీసివేసినవాటి శ్రమ వారికే నష్టము. ఆ తంబాకు ధూళి చాటలోనే యాగదు, వారి ఊపిరితో కలిసి లోనికి పోవును. బడినుండి వచ్చిన ఆడపిల్ల పలకను గోడకు చేరవేసి తల్లి ప్రక్కన కూర్చుండి దారము కట్టుట ఆ యిండ్లలో వింత కాదు.

ఇక సిరిసిల్ల వైపు చూతము. గంభీరావుపేట మండలములోని భీముని మల్లారెడ్డిపేటకు చెందిన పెద్దింటి అశోక్ కుమార్‌గారు వృత్తిచే ఉపాధ్యాయులు. వారి ‘జిగిరి’ నవల, సముద్రముల కావల స్థిరపడిన మన తెలుగువారి సంస్థయగు ఆటా నిర్వహించిన నవలల పోటీలో బహుమతి నొంది, పిమ్మట పలు భారతీయ భాషలలోనికి అనువాదమైనది. జిగిరి యనగా ప్రాణస్నేహితుడు. ఎలుగుబంటిని ఊరూర ఆడించి పొట్టపోసికొను ఒక పేద ముస్లిం కుటుంబము ఆ నవలకు ఆధారము. గుడ్డేలుగును బిడ్డవలె పెంచి, దాని సంపాదనతోనే బ్రదికిన తండ్రి యొకవైపు. దానిని వదలించుకొన్నచో ప్రభుత్వ మిచ్చు పొలముతో గౌరవముగ బ్రదుకవచ్చునని యాశపడు కొడుకు వేఱొకవైపు. ఆ యిరువురి నడుమ తనకేమి జరుగుచున్నదో చెప్పికొనలేని మృగము.

ఈ కథ వెనుక నున్న చట్టము సత్యమైనది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1998లో కేంద్రప్రభుత్వము ఎలుగుబంటిని, కోతిని, పులిని, చిరుతను, సింహమును ఆడించి చూపుటను నిషేధించినది. ముక్కుకు త్రాడు గ్రుచ్చి అడవిమృగమును వీధులవెంట త్రిప్పుట క్రౌర్యమే. ఆ నిషేధము ధర్మబద్ధమే. ఐనను, తరతరములుగ వేఱొక విద్య నేర్వని మనుష్యునిచేతినుండి ఆ త్రాటిని తీసికొన్ననాడు, ఆ చేతికి బదులుగ ఏమి యందింపవలెనను ప్రశ్న చట్టమునందు లేదు. ఆ ప్రశ్న నవలయందున్నది. మృగమునకు న్యాయము జరుగవలె నన్నవాడు మనుష్యుని మఱవరాదనియు, మనుష్యుని పక్షము వహించినవాడు మృగము కన్నీటిని చూడవలెననియు, ఇద్దఱిలో నెవరిని దుష్టునిగ చేయక చెప్పగలుగుట చేతనే యా నవల నినాదముగ మాఱక కథగ నిలిచినది.

‘బతుకు’ను ‘జిగిరి’ని మనము వేర్వేరు అరలలో పెట్టుటకు అలవాటుపడినాము. ఒకటి శ్రామికుల నవల యందుము, వేఱొకటి మూగజీవి నవల యందుము. కాని అడవికి పోయి చూచినచో రెండును ఒకే చెట్టు క్రింద కలిసికొనును. బీడీకి కావలసిన తునికాకు వేసవిలో కోతకు వచ్చును. దానికి ముందుగ పొదలను నఱికినచో లేత చిగురులు వచ్చి మంచి యాకు పడును. ఆకును ఏబదేసి చొప్పున కట్టలుగ కట్టి కల్లమునకు చేర్చుదురు. ఆ వేసవిలోనే తునికిపండ్లు పండును. చెదలను, చీమలను, ఇప్పపువ్వును తిని బ్రదుకు ఎలుగుబంటికి ఆ పండు ప్రీతిపాత్రమైన యాహారము. ఆకు స్త్రీ యొడిలోని చాటకు, పండు మృగము కడుపునకు. తునికిచెట్టు తక్కువైనచో రెండు సంసారములును ఒక్కసారే చిక్కిపోవును. ప్రకృతిని కాపాడుటయు, పేదవానిని కాపాడుటయు రెండు వేర్వేరు ఉద్యమములని తలచువారికి ఈ సీమలోని యొక్క చెట్టు చాలినంత సమాధానము చెప్పుచున్నది.

పెద్దల సాహిత్యమున ఇంత లోతుండగా, పిల్లల సాహిత్యమున ఈ సీమకు పేదరికము లేదు; పేరు కలదు. మెట్‌పల్లి ప్రాంతమువారైన వాసాల నర్సయ్యగారు జీవితమంతయు బాలలకొఱకు వ్రాసి 2017లో కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారమును పొందినారు. సిరిసిల్లవారైన పత్తిపాక మోహన్‌గారు ‘బాలల తాతా బాపూజీ’ అను రచనకు 2022లో అదే పురస్కారమును గెలిచినారు. ‘బాలచెలిమి’ పత్రికవారు ఉమ్మడి జిల్లాలవారీగ బడిపిల్లలు తామే వ్రాసిన కథలను సంకలనములుగ ప్రకటించి, పిల్లవాడు పాఠకుడే కాక రచయితయు కాగలడని చూపినారు. ఇంతటి కృషి జరిగిన చోటనే నా కోరిక యింకొక యడుగు ముందుకు పోవుచున్నది; ఎండిన నేలను దున్నుమని యడుగుట లేదు, తడి యున్న నేలలో ఇంకొక విత్తనము వేయుమని యడుగుచున్నాను.

పర్యావరణమును గూర్చి పిల్లలకు వ్రాయబడు సామాన్యకథయొక్క స్వరూపమును మన మందఱము ఎఱుగుదుము. ఒక చెడ్డవాడు చెట్టు కొట్టును. చెట్టు మాటలాడి యేడ్చును. మంచి బాలు డొకడు వచ్చి మొక్క నాటును. ఉపాధ్యాయుడు చప్పట్లు కొట్టించును. చివఱి పంక్తిలో నీతి యుండును. మొక్క నాటుట మంచిదే. కాని ఆ కథలోని చెడ్డవానికి పేరు లేదు, ఊరు లేదు, ఆకలి లేదు. అతడు చెట్టును ఎందుకు కొట్టెనో కథకుడు అడుగలేదు. అడుగనిచోట ఏడు చేపల కథకున్న ప్రాణము పోయినది. ఆ కథ చదివిన బిడ్డ యిల్లు చేరి చూచునప్పటికి, వంటకు పుల్లలు తెచ్చిన తన తల్లియే పుస్తకములోని చెడ్డవానివలె కనబడుట కంటె విషాదకరమైన సంగతి యేమున్నది? తన తల్లిని తలయెత్తి చూడలేకుండ చేయు నీతి, నీతియగునా?

ఈ బిడ్డల కన్నులయెదుట నున్నదేమో చూడుడు. కోరుట్ల ప్రాంతమున ఎందఱో బాలురకు తండ్రియనగా సెలవులకు వచ్చి పోవు చుట్టము. దుబాయి, మస్కటు, కువైటు అను పేళ్ళు వారికి భూగోళపాఠముకంటె ముందే తెలియును. పనిచేయుచోటినుండి తప్పించుకొని కాగితములు లేక తిరుగువానిని ‘కల్లివెల్లి’ యందురని పదియేండ్ల పిల్లవాడు చెప్పగలడు. సిరిసిల్లలో పగలు రాత్రి యను భేదము లేక సాంచాల, అనగా మరమగ్గముల, చప్పుడు గోడలగుండ వచ్చి పసివాని నిద్రలో కలిసిపోవును. ఆ చప్పుడు ఆగిననాడు ఇంటిలో మాటలు తగ్గునని వానికి తెలియును. మధ్యమానేరు జలాశయము 25.87 శతకోటి ఘనపుటడుగుల నీటికై కట్టబడినప్పుడు కొదురుపాక, నీలోజిపల్లి, అనుపురము, చీర్లవంచ మొదలగు ఊళ్ళు మునిగినవి; ఆ నీరు వేఱొక ఊరి పొలమునకు పచ్చదనము, ఈ ఊరి అవ్వకు మునిగిన వాకిలి. బతుకమ్మకు గునుగుపువ్వు కోయబోయిన పిల్లలు, కలుపుమందు చల్లిన చేల గట్లవెంట తిరిగి తిరిగి సగము తట్టతో వచ్చుచున్నారు. ఇవి యన్నియు కథలే. వ్రాయబడుటకు ఎదురుచూచుచున్న కథలు.

ఈ మాట చెప్పినప్పుడెల్ల రెండు ఆక్షేపణలు వినబడును. పసివారి మనస్సు లేతది, దానిమీద లోకపు దుఃఖమును మోపరాదనునది మొదటిది. ఈ యాక్షేపణ ప్రేమనుండి పుట్టినది కావున దానిని గౌరవింపవలెను. కాని దుఃఖము పుస్తకమునుండి వచ్చి బిడ్డను తాకునని తలచుట పొరపాటు. తండ్రి దూరదేశమున నున్న బిడ్డ దుఃఖమును పుస్తకము లేకుండగనే మోయుచున్నది. తనవంటి బిడ్డ యొకతె కథలో నున్నదని తెలిసిననాడు ఆ బరువు సగమగును. పైగా, మన జానపదకథలు ఎన్నడును దుఃఖమును దాచలేదు. సవతితల్లి, అడవిలో విడువబడిన బిడ్డ, ఆకలిగొన్న పులి, ఇవి యన్నియు పసివారికొఱకే చెప్పబడినవి. దాచవలసినది దుఃఖమును కాదు, నిరాశను. దారి లేదని చెప్పు కథ పిల్లలకు తగదు. దారి కఠినమని చెప్పు కథ తగును.

ప్రయోజనము నుద్దేశించి వ్రాసినచో కళ చెడునను వాదము రెండవది. దీనికి సమాధానము మన పొరుగుననే కలదు. నిజామాబాదు జిల్లాలో కుష్ఠురోగులకు వైద్యము చేయుచు జీవితము గడపిన డాక్టరు కేశవరెడ్డిగారి ‘అతడు అడవిని జయించాడు’ నవలలో, పందిని వెదకికొనుచు రాత్రివేళ అడవిలో ప్రవేశించిన వృద్ధుని వెంట పాఠకుడు ఊపిరి బిగబట్టి నడచును. మనుష్యునికి ప్రకృతిమీద గల యధికార మెంత యను ప్రశ్న, ఎవరును చెప్పకయే, ఆ నడకలో వానికి తోచును. మలయాళమున అంబికాసుతన్ మాంగాడ్‌గారు కాసరగోడు జీడితోటలమీద చల్లిన ఎండోసల్ఫాన్ విషమును గూర్చి ‘ఎన్మకజె’ నవల వ్రాసినారు. ఆ మందును 2011లో సుప్రీంకోర్టు నిషేధించినది. రేచల్ కార్సన్ 1962లో క్రిమిసంహారకములను గూర్చి ‘సైలెంట్ స్ప్రింగ్’ అను శాస్త్రగ్రంథమును వ్రాయుచు, పక్షికూత లేని యొక కల్పితపట్టణపు కథతో దానిని ప్రారంభించినది. శాస్త్రజ్ఞురాలికే కథ యవసరమైనప్పుడు కథకునికి సత్య మవసరము కాకుండునా? అమితావ్ ఘోష్ 2016లో ప్రకటించిన గ్రంథమున, మాఱుచున్న వాతావరణము వంటి మహావిపత్తును నేటి గంభీరకాల్పనిక సాహిత్యము పట్టించుకొనుట లేదని వాపోయినాడు. కళను చెఱచునది ప్రయోజనము కాదు. కారణమును పూర్తిగ వెదకక ముందే తీర్పు చెప్పు తొందరపాటు.

ఈ తొందర లేనిచో ఎట్టి కథ పుట్టునో ఒక్క యుదాహరణమును నేనే యూహించి చెప్పుదును. కరీంనగరపు గ్రానైటు విదేశములవఱకును పేరుపొందినది; ఆ రాతికొఱకు గుట్టలను తొలిచినచోట ఎలుగుబంట్లు ఊళ్ళలోనికి వచ్చుట ఈ ప్రాంతమువారు ఎఱుగని సంగతి కాదు. ఒక యుపాధ్యాయుడు తన తరగతిలో ఏడు చేపల కథను ఇట్లు త్రిప్పి చెప్పించెననుకొనుడు. ఎలుగా, మక్కచేనులోనికి ఏల వచ్చితివని యడిగినచో, నా గుహ పోయినదని యది చెప్పును. గుట్టా, గుహను ఏల పోగొట్టితివన్నచో, యంత్రము నన్ను కోసినదని గుట్ట చెప్పును. యంత్రము నడపు అన్నా, ఏల కోసితివన్నచో, చేను పండలేదు, కూలికి పోయితినని యతడు చెప్పును. చేనా, ఏల పండలేదన్నచో, చెఱువు నిండలేదని చేను చెప్పును. చెఱువా, ఏల నిండలేదన్నచో, గుట్టమీదినుండి దిగు వాగు రాళ్ళపొడితో పూడిపోయినదని చెఱువు చెప్పును. ప్రశ్న తిరిగి గుట్టయొద్దకే వచ్చినది. అప్పుడు బిడ్డలలో నొకడు లేచి, సార్, ఆ రాయి ఎక్కడికి పోయినదని యడుగును. అది నా యింటి వంటగట్టు మీదనో, మీ యింటి నట్టింటి నేలలోనో నున్నది. చీమ యిచ్చిన సమాధానముకంటె ఇది కఠినమైనది. కాని ఈ కథలో దుష్టుడు లేడు, పాలుపంచుకొనని వాడును లేడు. తరగతిలోని బిడ్డలకు ఈ మాట యర్థమగును. అర్థము కాదని భయపడువారము మనమే.

ఇందుకు చేయవలసిన పని యసాధ్యమైనది కాదు. మన మందఱము ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపన్ను చెల్లించుచున్నాము. ఆ సొమ్ము మనది. దానితో కొను పుస్తకములలో ఈ సీమ బిడ్డల జీవితము గల కథలకు కొంత పాలు ఉండవలెనని అడుగుట మన హక్కు. ‘బతుకు’, ‘జిగిరి’ వంటి నవలలను పై తరగతుల విద్యార్థులకొఱకు సంగ్రహించి, బొమ్మలతో, బీదతనమును వింతగ చూపక, వెలువరించుటకు ఆ రచయితలును ప్రచురణకర్తలును పూనుకొనవలెను. ఉపాధ్యాయులు బడిపిల్లలచేత కథలు వ్రాయించునప్పుడు నీతివాక్యముతో ముగింపు మని చెప్పుట మాని, ఎందుకను ప్రశ్నను కనీసము అయిదు మార్లు అడుగు మని చెప్పిన చాలును. అవ్వకు తెలిసిన మాటలు, అనగా గుడ్డేలుగు, సాంచ, కల్లము, మునక, పుస్తకములో కనబడినచో తప్పని కొట్టివేయరాదు. బిడ్డ తన యింటి మాటను పుస్తకములో చూచిన క్షణముననే సాహిత్యము తనదని నమ్మును. ఈ పుస్తకములను అలమారాలో తాళము వేసి లెక్క చూపుట కంటె, చేతులు మాఱి చినిగిపోవనిచ్చుట మేలు.

తునికిపండును తిన్న ఎలుగుబంటి ఆ గింజను అడవిలో ఎక్కడనో విడుచును. వానకాలమున అది మొలకెత్తును. కొన్ని యేండ్లకు పొద యగును. ఒక వేసవిలో దాని యాకు కట్టగట్టబడి, బండి యెక్కి, కోరుట్లలో ఒక యరుగుమీది చాటలోనికి వచ్చును. ఆ చాట ప్రక్కన కూర్చుండి దారము కట్టుచున్న పిల్లకు, తన చేతిలోని యాకును నాటినది ఒక మృగమని చెప్పు పుస్తకము ఇంకను వ్రాయబడవలసియున్నది. ఆ పిల్ల యీ సంవత్సరము మూడవ తరగతిలో నున్నది. ఆమె పెరుగుచున్నది, మనము త్వరపడవలెను.